కాలిఫోర్నియా కొండల్లో గంజాయి సాగుకు భూమి: "పర్మిట్ నడుస్తోంది" అనే మాట నమ్మి కొనవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. బే ఏరియాలో ఉద్యోగాలు చేసే ముగ్గురు స్నేహితులు కలిసి హంబోల్ట్ కౌంటీలో, గార్బర్‌విల్ పైన కొండల్లో 40 ఎకరాలు కొనాలనుకుంటున్నారు. 10,000 చదరపు అడుగుల ఆరుబయట గంజాయి సాగుకు పర్మిట్ నడుస్తోందని ప్రకటనలో ఉంది. భూమితో పాటు ఆ పర్మిట్ కూడా చేతికొస్తుందని బ్రోకర్ చెబుతున్నాడు. ముగ్గురిలో ఒకరు అమెరికా పౌరుడు, ఒకరికి గ్రీన్ కార్డు, ఒకరు హెచ్‌1బీ మీద ఉన్నారు. కొనవచ్చా? అనుమతికి ఎన్నాళ్ళు పడుతుంది? ఏమేం చూసుకోవాలి?

నమస్తే అండి. ఉత్తర కాలిఫోర్నియా కౌంటీల్లో రైతుల తరఫున భూవినియోగం ఫైళ్ళు తయారు చేయడం నా పని. 2016లో గంజాయి సాగు మీద హంబోల్ట్ మొదటి ఆర్డినెన్స్ (కౌంటీ చేసుకునే స్థానిక చట్టం) వచ్చినప్పటి నుంచి ఇదే పనిలో ఉన్నాను. ముందే చెప్పేస్తున్నాను, మీరు రాసిన రూపంలో ఈ బేరానికి వెళ్ళకండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలాగే డబ్బు పెట్టి, మూడేళ్ళు తిరిగి, చివరికి భూమిని సగం ధరకు వదులుకున్న మనవాళ్ళను చూశాను.

ఒక మాట ముందుగా. మన దగ్గర గంజాయి అనగానే ఏజెన్సీ, చెక్‌పోస్టులు, కేసులు గుర్తొస్తాయి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అక్కడ సాగు చేస్తే పదేళ్ళ వరకు కఠిన కారాగారం. నేను రాసేదంతా కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళెవరూ దీన్ని ఇంకోలా అర్థం చేసుకోవద్దు.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఇల్లు. పొగాకు బోర్డులో పేరు నమోదు కాకుండా, ఆకు ఎండబెట్టే బ్యారన్‌కు లైసెన్సు లేకుండా వర్జీనియా పొగాకు వేయలేమని చిన్నప్పుడే తెలుసు. ఎంత పంట అమ్మాలో కూడా బోర్డే చెబుతుంది. కాబట్టి అనుమతి తీసుకుని పండించే పంట మనకు కొత్త కాదు. కానీ అక్కడ అనుమతి చూసేది రైతునూ బ్యారన్‌నూ. ఇక్కడ కౌంటీ చూసేది నేలను. ఆ నేల ఎంత వాలు, దాని పక్కన ఏ వాగు, దానికి ఏ దారి, పక్కింటివాళ్ళు ఎంత దూరం. మీరెంత మంచి రైతయినా ఆ నేల పరీక్షలో తప్పితే అంతే.

కాలిఫోర్నియా ఓటర్లు 2016 నవంబరులో, గంజాయిని రాష్ట్రంలో చట్టబద్ధం చేసే 64వ ప్రతిపాదనను గెలిపించారు. 2018 జనవరి 1 నుంచి వ్యాపార లైసెన్సులు మొదలయ్యాయి. 2021 జులైలో మూడు శాఖలను కలిపి క్యానబిస్ కంట్రోల్ డిపార్ట్‌మెంట్ పెట్టారు. అందరూ డీసీసీ అంటారు. లైసెన్సు ఇచ్చేది వాళ్ళే. చాలామంది ఇక్కడే పొరబడతారు. రాష్ట్రం చట్టబద్ధం చేసింది కదా, ఇంకేముంది అనుకుంటారు. అదే చట్టం, మా దగ్గర వద్దు అనే హక్కును కౌంటీలకూ నగరాలకూ ఇచ్చింది. సిస్కియూ కౌంటీ వ్యాపార సాగును నిషేధించింది. అక్కడ ఎన్ని వందల ఎకరాలున్నా డీసీసీ ఏమీ చేయదు. కౌంటీ అనుమతి లేనిదే రాష్ట్ర లైసెన్సు లేదు.

కౌంటీ మనసు మార్చుకోవచ్చు కూడా. కాలవెరాస్ సంగతి ప్రతి క్లయింటుకూ చెబుతాను. 2015లో అక్కడ బ్యూట్ అగ్నిప్రమాదం ఊళ్ళను కాల్చేసింది. డబ్బు అవసరమైన కౌంటీ 2016లో అత్యవసర ఆర్డినెన్స్ తెచ్చి, ఒక్కో దరఖాస్తుకు 5,000 డాలర్లు తీసుకుని సాగుకు తలుపులు తెరిచింది. వందల మంది కట్టారు, చదును చేశారు, కంచెలు వేశారు. తర్వాతి ఎన్నికల్లో కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు మారింది. 2018 జనవరిలో కొత్త బోర్డు మొత్తం నిషేధించింది. 2019లో మళ్ళీ అనుమతించారు గానీ, ఆ మధ్యకాలంలో చితికిపోయినవాళ్ళు మళ్ళీ లేవలేదు. అందుకే కౌంటీ సూపర్‌వైజర్ల ఎన్నికలను మన ఊరి సర్పంచి ఎన్నికలంత దగ్గరగా గమనించమంటాను.

ఇప్పుడు మీ హంబోల్ట్. ఇక్కడ రెండు ఆర్డినెన్సులు ఉన్నాయి, 2016దీ 2018దీ. మాటల్లో వాటిని వన్ పాయింట్ ఓ, టూ పాయింట్ ఓ అంటారు. మీ ఫైలు దేని కింద పెట్టారో ముందు తెలుసుకోండి, నిబంధనలు వేరు. కొత్త సాగుకు నేల వాలు 15 శాతం మించకూడదు. ఈ కొండల్లో అంత చదునైన చోటు 40 ఎకరాల్లో ఒక ఎకరం దొరికితే గొప్ప. జోనింగ్, అంటే ఏ నేలను దేనికి వాడాలో కౌంటీ చేసిన విభజన, కూడా చూడాలి. కలప పెంచే అడవిగా గుర్తించిన జోన్‌లో కొత్త సాగుకు వీల్లేదు. ప్రకటనలో "టింబర్ విలువ కూడా ఉంది" అని గొప్పగా రాస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే. పైగా 2018లో కౌంటీ మొత్తానికి 3,500 పర్మిట్లు, 1,205 ఎకరాలు అని పరిమితి పెట్టి, దాన్ని 12 పరీవాహక ప్రాంతాలకు పంచారు. మీ వాగు ఏ పరీవాహకంలోకి వస్తుంది, అందులో ఇంకా చోటుందా అన్నది ప్లానింగ్ ఆఫీసులో ఒక్క ఫోన్‌తో తేలుతుంది.

"పర్మిట్ నడుస్తోంది" అంటే ఏమిటో చెబుతాను. దరఖాస్తు పడింది, ఫీజు కట్టారు అని అర్థం. అంతే. అది ఆరేళ్ళుగా కదలకుండా పడి ఉన్నా నడుస్తున్నట్టే. మంజూరైన భూవినియోగం పర్మిట్ మామూలుగా నేలతో పాటే వెళ్తుంది, అది నిజం. కానీ మంజూరు కాని దరఖాస్తు అలాంటిది కాదు. ఇక రాష్ట్ర లైసెన్సు అసలే బదిలీ కాదు. యజమాని మారితే కొత్తవాళ్ళ పేరు మీద మళ్ళీ మొదలు. అమ్మేవాళ్ళు ఇన్నాళ్ళూ తాత్కాలిక లైసెన్సుతో నెట్టుకొచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే పర్యావరణ సమీక్ష పూర్తికాని సాగుదారులకు ఇచ్చిన ఆ ప్రొవిజనల్ లైసెన్సులు 2026 జనవరి 1తో ముగిశాయి. గడువు దగ్గరపడే కొద్దీ చాలామంది అమ్మకానికి పెట్టారు. మీరు చూస్తున్న ప్రకటన అలాంటిదో కాదో నాకు తెలియదు గానీ, ధర అంత తక్కువగా ఉంటే ఆ ప్రశ్న తప్పకుండా అడగాలి.

అసలు కథ నీళ్ళ దగ్గర ఉంది.

ఈ కొండల్లో వాన అక్టోబరు చివర మొదలై ఏప్రిల్‌కు ఆగిపోతుంది. మొక్కకు నీళ్ళు కావాల్సింది మాత్రం మే నుంచి అక్టోబరు దాకా. ఆ నెలల్లోనే వాగులు సన్నబడి, సాల్మన్ చేప పిల్లలు మడుగుల్లో చిక్కుకుంటాయి. అందుకే ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు వాగుల నుంచీ ఊటల నుంచీ గంజాయికి ఒక్క చుక్క కూడా తీయకూడదని రాష్ట్ర జల బోర్డు నియమం పెట్టింది. చలికాలంలో పట్టుకుని దాచుకోవాలి, దానికి కూడా నీటి హక్కు నమోదు ఉండాలి. వాగు పక్కన పాదులు వేసుకోవడమూ కుదరదు. ఏడాది పొడవునా పారే వాగుకు 150 అడుగులు, కొన్నాళ్ళే పారేదానికి 100, వాన పడినప్పుడే పారే దానికి 50 అడుగులు వదలాలి. మ్యాపు మీద ఈ గీతలు గీశాక చాలా భూముల్లో మిగిలేది గేదెల కొట్టం పట్టేంత చోటే.

లెక్క వేసుకుందాం. నేను పనిచేసిన 10,000 చదరపు అడుగుల తోటలు సీజనుకు లక్ష గాలన్లకు పైనే తాగేవి. 1,20,000 అనుకోండి. 5,000 గాలన్ల ప్లాస్టిక్ ట్యాంకులు 24 కావాలి. వాటికి చదును చేసిన వేదిక కావాలి, ఆ చదునుకు గ్రేడింగ్ పర్మిట్ కావాలి. చెరువు తవ్వి వాన నీళ్ళు పట్టుకోవడం మంచి దారే, కానీ అది వాగు మీద ఉండకూడదు, ఇంజనీరు గీసిన ప్లాను ప్రకారం కట్టి ఉండాలి. ఈ ప్రాంతంలో పాత యజమానులు బుల్‌డోజర్‌తో చిన్న వాగుకు అడ్డంగా కట్ట వేసి చేసిన గుంటలు బోలెడు. ప్రకటనలో వాటిని అందమైన చెరువు అంటారు. కొన్నాక ఆ కట్ట తీసేసి వాగును మళ్ళీ పారించే ఖర్చు మీది. బోరు ఉందంటే సంతోషించే ముందు, ఆ నీళ్ళు పక్క వాగుతో కలిసినవో కాదో భూగర్భ శాస్త్రవేత్త రాసిచ్చిన కాగితం అడగండి. కలిసినవైతే దానికీ వాగు నియమాలే రావచ్చు. (సెంట్రల్ వ్యాలీలో చూస్తున్న మిత్రులకు ఒక మాట. ఫెడరల్ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ తన కాలువల నీళ్ళు గంజాయికి ఇవ్వబోమని 2014లోనే చెప్పింది. కాలువ పక్కన ఉన్నా లాభం లేదు.)

నీళ్ళ తర్వాత దారి. ఇది ఒక అనుభవంతో చెబుతాను.

2019 ఫిబ్రవరిలో ఒక క్లయింటు భూమి చూడటానికి వెళ్ళాం. తారురోడ్డు నుంచి నాలుగు మైళ్ళు కంకర దారి. బ్రోకర్ పంపిన ఫొటోలన్నీ ఆగస్టులో తీసినవి, దారి పొడిగా, దుమ్ముతో బాగానే కనిపించింది. మేం వెళ్ళేసరికి వాన. దారి కింద నుంచి నీళ్ళు పోవడానికి వేసిన తూముల్లో మూడోదాని దగ్గర నీళ్ళు దారి మీదుగా పొర్లుతున్నాయి. కారు ఆపి కిందికి దిగాం. అది 18 అంగుళాల రేకు గొట్టం. పైన చూస్తే గుండ్రంగానే ఉంది. నాతో వచ్చిన ఇంజనీరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి బయటికి తీస్తే గుప్పెట్లో తుప్పు పెచ్చులు వచ్చాయి. గొట్టానికి అడుగే లేదు. నీళ్ళు గొట్టం కింద నుంచి మట్టిని కోసుకుంటూ పోతున్నాయి, ఆ మట్టంతా వంద గజాల కింద వాగులో కలుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మీద ఆ బురద పరుచుకుంటే గుడ్లు ఊపిరాడక చస్తాయి. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ తూముల గురించి అంత పట్టుబట్టడానికి కారణం ఇదే. కొత్త తూము వందేళ్ళకోసారి వచ్చే వరదను, దానితో కొట్టుకొచ్చే దుంగలతో సహా, తట్టుకోవాలి. దానికి ఆ శాఖతో, వాగులో పని చేయడానికి కావాల్సిన 1602 ఒప్పందం చేసుకోవాలి.

తూము మార్చడం మా చేతిలో పనే. కానీ సర్వేయరు హద్దులు చూపిస్తే తేలిందేమిటంటే ఆ మూడో తూము మా క్లయింటు భూమిలో లేదు. పక్కాయన భూమిలో ఉంది. మా క్లయింటుకు రాకపోకల హక్కు రాసి ఉంది గానీ, దారి తవ్వి కొత్త నిర్మాణం చేసే హక్కు రాసి లేదు. ఆ పెద్దాయన సంతకం కోసం ఎనిమిది నెలలు తిరిగాం. ఆయన చెడ్డవాడు కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆ కొండ మీద ఉన్నాడు, రోజూ నీళ్ళ లారీలూ కూలీల ట్రక్కులూ తన ఇంటి ముందు నుంచి పోతాయని భయం. చివరికి మా క్లయింటు వెళ్ళి ఆయనతో కూర్చుని, లారీలు ఏ నెలల్లో, ఏ వేళల్లో వస్తాయో కాగితం మీద రాసిచ్చాక సంతకం పెట్టాడు. ఆ మాట మొదటి వారంలోనే మాట్లాడి ఉంటే అన్ని నెలలు మిగిలేవని ఇప్పటికీ బాధపడతాను. తప్పు నాది కూడా. కాగితాలు ముందు, మనుషులు తర్వాత అనుకున్నాను.

పొరుగువాళ్ళ గురించి ఎందుకింత చెబుతున్నానంటే, నోటీసు వాళ్ళకు వెళ్తుంది, విచారణలో మాట్లాడేది వాళ్ళే, అప్పీలు చేసేదీ వాళ్ళే. పూత సమయంలో గంజాయి వాసన ఎంత దూరం పోతుందో దగ్గర నుంచి చూడనివాళ్ళకు అర్థం కాదు. శాంటా బార్బరా కౌంటీలో ఈ వాసన మీదే ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. అక్కడ ఇంకో చిక్కు కూడా వచ్చింది. గంజాయికి పురుగుమందుల పరీక్ష చాలా కఠినం, అవశేషం దొరికితే సరుకంతా పోతుంది. దాంతో పక్కనున్న అవకాడో రైతులు తమ తోటలకు మందు కొట్టాలన్నా, కొట్టే ఏజెన్సీలు కేసులకు భయపడి వెనకడుగు వేశాయి. పొరుగు రైతు పంటను కాపాడుకోలేని పరిస్థితి మన వల్ల వస్తే ఆ వైరం కాగితాలతో తీరేది కాదు. మీ చుట్టుపక్కల తోటలుంటే ఇది గుర్తుంచుకోండి.

పర్యావరణ సమీక్షను ఇక్కడ సీక్వా అంటారు. దాని గురించి పుస్తకం రాయొచ్చు, మీకు ఒక్క సంగతి చాలు. అరుదైన మొక్కల సర్వే అవి పూసే కాలంలోనే చేయాలి, అంటే ఎక్కువగా వసంతంలో. జూన్‌లో భూమి కొంటే ఆ సర్వే కోసమే వచ్చే ఏడాది దాకా ఆగాల్సి రావచ్చు. ఎన్నాళ్ళు అని మీరు అడిగారు. నా చేతుల మీదుగా వెళ్ళిన కొత్త ఫైళ్ళు, అన్నీ సవ్యంగా ఉంటే ఏడాదిన్నర, లేకపోతే మూడేళ్ళు.

ఈ మూడేళ్ళూ రాబడి ఉండదు. డీసీసీకి చిన్న ఆరుబయట లైసెన్సు ఫీజే ఏడాదికి 4,820 డాలర్లు. 2016లో ఓటర్లు ఆమోదించిన కౌంటీ పన్ను ఆరుబయట సాగుకు చదరపు అడుగుకు డాలరుతో మొదలైంది. ధరలు పడిపోయాక కౌంటీ దాన్ని బాగా తగ్గించింది, రాష్ట్రం కూడా సాగు పన్నును 2022 జులైలో ఎత్తేసింది. అయినా 2021 తర్వాత టోకు ధర పడిపోవడంతో నాకు తెలిసిన మంచి రైతులు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, పర్మిట్ చేతిలో ఉండి కూడా వదిలేశారు. ఫెడరల్ పన్ను చట్టంలోని 280ఈ సెక్షను వల్ల మామూలు వ్యాపార ఖర్చులు కూడా మినహాయించుకోలేని బాధ వాళ్ళకు అదనం. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు ఐదు గంటలు కారు నడిపి వెళ్ళి చేసే వ్యవసాయం కాదండి ఇది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. హెచ్‌1బీ మీద ఉన్న మిత్రుడూ, గ్రీన్ కార్డు మిత్రుడూ దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి.

రాష్ట్రంలో లైసెన్సు ఉన్నంత మాత్రాన ఫెడరల్ చట్టం దృష్టిలో ఈ పని సక్రమం అయిపోదు. ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ వ్యవహారం. రాష్ట్రం అనుమతించినా సరే, గంజాయి వ్యాపారంలో పాలుపంచుకోవడం పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తనకు అడ్డంకి కావచ్చని పౌరసత్వ, ఇమిగ్రేషన్ సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసింది. శిక్ష పడాల్సిన అవసరం కూడా లేదు. మాదకద్రవ్య వ్యాపారంలో ఉన్నారని నమ్మడానికి కారణం కనిపిస్తే చాలు, దేశంలోకి రానివ్వకపోవచ్చు. ఆ ఆదాయంతో తెలిసి లబ్ధి పొందిన భార్య, భర్త, పిల్లలకు కూడా ఆ చట్టం తగలవచ్చు. ఫెడరల్ మాదకద్రవ్యాల జాబితాలో గంజాయి ఉన్న షెడ్యూలు (వర్గం) మార్చాలని 2024లో ప్రతిపాదన వచ్చింది కదా అంటారు. షెడ్యూలు మారితే పన్ను బాధ తగ్గుతుందేమో గానీ, రాష్ట్ర లైసెన్సు ఉన్న తోటకు ఫెడరల్ అనుమతి దానంతటదే రాదు.

పేరు లేకుండా డబ్బు మాత్రం పెడతాం అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. కుదరదు. 20 శాతం వాటా ఉన్నవాళ్ళు యజమానులుగా వేలిముద్రలు ఇవ్వాలి. అంతకన్నా తక్కువ ఉన్నా, ఆర్థిక ప్రయోజనం ఉన్నవాళ్ళ పేర్లు డీసీసీకి చెప్పాలి. చెబితే రికార్డులో పడతారు, చెప్పకపోతే లైసెన్సు పోతుంది. పదేళ్ళ తర్వాత పౌరసత్వం ఇంటర్వ్యూలో ఆ కాగితం బయటికి వస్తే అప్పుడు ఎవరూ కాపాడలేరు. పిల్లలు ఇక్కడ బడికి పోతున్న కుటుంబానికి అంత పెద్ద ప్రమాదం తెచ్చుకునేంత రాబడి ఈ కొండ మీద లేదు. ఎంత ఆశపెట్టినా మీరిద్దరూ దీనికి దూరంగా ఉండండి. ఇమిగ్రేషన్ లాయరును అడిగి నా మాట సరిచూసుకోండి, కానీ అడిగే దాకా ఒక్క డాలరు కూడా పెట్టకండి, ఒక్క కాగితం మీద కూడా సంతకం చేయకండి.

పౌరుడైన మిత్రుడు ఒక్కడే ముందుకు వెళ్ళాలనుకుంటే, బయానా ఇచ్చే ముందు ప్లానింగ్ ఆఫీసులో ఆ భూమి పార్సిల్ నంబరు (మన సర్వే నంబరు లాంటిది) చెప్పి ఫైలు మొత్తం అడగండి. అది పబ్లిక్ రికార్డే, చూపిస్తారు. అందులో చివరి ఉత్తరం ఎవరు, ఎప్పుడు రాశారో చూడండి. ప్లానర్ ఏవో కాగితాలు అడిగి, రెండేళ్ళుగా జవాబు లేకపోతే ఆ ఫైలు చచ్చినట్టే. పాత అతిక్రమణ నోటీసులు, పన్ను బకాయిలు ఉన్నాయేమో కౌంటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. దారి హక్కు పత్రాన్ని మీ లాయరు చేత చదివించండి, భూమి హక్కు రికార్డులు వెతికే టైటిల్ కంపెనీ ఇచ్చే సారాంశంతో ఆగిపోవద్దు. ఒప్పందంలో, భూవినియోగం అనుమతి మంజూరై అప్పీలు గడువు కూడా దాటాకే పూర్తి డబ్బు అని రాయించండి. అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే, వాళ్ళకే తమ పర్మిట్ మీద నమ్మకం లేదన్నమాట.

భూమిని రెండుసార్లు చూడండి. ఒకసారి సెప్టెంబరు చివర వెళ్ళి వాగులో నీళ్ళు ఉన్నాయో లేదో, ఉంటే ఎవరి గొట్టాలు అందులో ఉన్నాయో చూడండి. ఇంకోసారి జనవరిలో, పెద్ద వాన కురిసిన మర్నాడు, తారురోడ్డు నుంచి భూమి దాకా దారంతా నడిచి, ప్రతి తూము దగ్గరా ఆగండి. దారిలో ఉన్న ఇళ్ళలో పలకరించండి. పార్సిల్ నంబరు, జోనింగ్, దరఖాస్తు పెట్టిన ఏడాది రాసి పంపితే, ఏ ఆర్డినెన్స్ కింద ఉందో, ఆ పరీవాహకంలో చోటు ఉందో చూసి చెబుతాను. దానికి డబ్బులేం వద్దు.